పల్లెపాటయు విమానాశ్రయమును

తెలుగునాట పాట యనగా సినిమా పాటయే యనుట కొంతకాలము క్రిందటి మాట. ఇటీవల నైదాఱేండ్లుగా అభిమానుల కోరిక వేఱొక దారి పట్టినది. తమ కిష్టమైన గాయని చలనచిత్రములలో నొక పాట, పండుగ కొక పాట పాడి యూరకుండరాదనియు, పల్లెపదములను పదింటినైనను కూర్చి యొక సంపుటముగా వెలువరింపవలెననియు, ఆ సంపుటమును వెంటగొని ఊరూర తిరిగి పాడవలెననియు వారి యాశ. ఆంగ్లమున 'ఆల్బము' అని, 'టూరు' అని యువకులు పలుకు రెండు మాటల వెనుక నున్న కోరిక యిదియే. చూచుట కిది పిల్లల ముచ్చటగా కనబడును. కాని పల్లెలు పల్లెలుగా మిగులునా యను ప్రశ్న ఈ ముచ్చటలో దాగియున్నది కావున, బడిపంతుళ్లును విద్యార్థులును దీనిని కొంచెము నిలిచి చూడదగును.

ఈ కోరికకు ఎక్కువగా గుఱియైన పేరు మంగ్లీ. అసలు పేరు సత్యవతి రాథోడ్. అనంతపురము జిల్లాలోని యొక లంబాడీ తండాలో పుట్టి, తిరుపతిలో కర్ణాటక సంగీతము నేర్చి, హైదరాబాదులో నొక వార్తాప్రసార సంస్థలో తెలంగాణ యాసలో ముచ్చట్లు చెప్పుచు పేరు సంపాదించినది. రాయలసీమ తండా బిడ్డ తెలంగాణ బతుకమ్మ పాటకు గొంతుక యగుట విశేషమే. భాషకు యాసలే గాని సరిహద్దులు లేవనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము తరగతి గదిలో చెప్పుట కష్టము. 2020లో 'అల వైకుంఠపురములో' చిత్రమునందును, 2021లో 'లవ్ స్టోరీ' యందును, 2023లో 'బలగము'నందును ఆమె పాడిన పాటలు పల్లె నుడికారముతోనే ప్రజల నాలుకల కెక్కినవి. 'బలగము'లోని 'ఊరు పల్లెటూరు' పాటను ఆమెయు రామ్ మిర్యాలయు కలిసి పాడిరి. ఆ పాటకు గాను రచయిత కాసర్ల శ్యామ్‌నకు 2023 సంవత్సరపు జాతీయ పురస్కారము 2025లో ప్రకటింపబడినది.

అయితే అభిమానుల ఆశకు ఱెక్కలు తొడిగినది వేఱొక పాట. 2023 మార్చిలో 'నాటు నాటు' అను పాట లాస్ ఏంజిలస్ నగరమున ఆస్కారు పొందినది. కీరవాణి సంగీతము, చంద్రబోసు రచన, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల గానము. ఆ పాటలోని పల్లెటూరి చిందు కీవ్ నగరములో ఉక్రెయిన్ అధ్యక్షుని సౌధము ముందు చిత్రింపబడినదను సంగతి యట్లుండనిండు. నాడు అనగా దేశము. పల్నాడు, వెలనాడు, వేంగినాడు అను పేళ్లలో అది నిలిచియున్నది. నాటుకోడి, నాటువైద్యము అనునప్పుడు మన నేలకు చెందినదని యర్థము. కాని నాటుమనిషి యనునప్పుడు నాగరికత యెఱుగని వాడని యర్థము. సొంత నేల పేరే తిట్టుగా మాఱిన తీరు ఈ యొక్క పదములో కనబడుచున్నది. ఆ తిట్టునే పల్లవిగా గైకొని గెలిచిరి గనుక యువకులకు అంత సంబరము కలిగినది.

ఆంగ్లమునను 'కంట్రీ' యను పదమునకు ఇట్టి కథయే కలదు. అమెరికాలో నేడు కంట్రీ సంగీతమని గౌరవముగా పిలువబడునది, 1940ల తుదివఱకు వ్యాపారుల పట్టికలలో కొండమోటువారి పాట యను నర్థము గల పేరుతో చెలామణి యైనది. పేరు మాఱిన తరువాత దానికి కావలివారు పుట్టిరి. ఎవరు పాడవచ్చును, ఎవరు పాడరాదు అని తగవులు పెరిగినవి. బియాన్సే యను నల్లజాతి గాయని టెక్సాసు రాష్ట్రమున హ్యూస్టన్ నగరములో పుట్టి పెరిగినది. ఆ నేలపాట ఆమెకును సొత్తే. కాని 2016లో కంట్రీ సంగీత సంఘమువారి పురస్కార సభలో ఆమె పాడగా పలువురు ముఖము చిట్లించిరి. తనకు స్వాగతము లభింపని యనుభవము నుండియే 'కౌబాయ్ కార్టర్' అను సంపుటము పుట్టినదని ఆమె తరువాత ప్రకటించినది. 2024 మార్చి 29వ తేదీన అది వెలువడినది. 2025 ఫిబ్రవరిలో గ్రామీ సభ దానిని ఆ యేటి ఉత్తమ సంపుటముగను, ఉత్తమ కంట్రీ సంపుటముగను ఎన్నుకొన్నది. ఆ యేడే ఏప్రిలు మొదలు జూలై వఱకు అమెరికాలోను ఐరోపాలోను ముప్పదిరెండు కచేరీలు జరిగినవి. రాబడి నలువది కోట్ల డాలర్లు దాటినది. మన అభిమానుల ఆశకు నమూనా యెక్కడ దొరికినదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ సంపుటమునందు గెలుపుకంటె తలపోయదగిన సంగతి వేఱొకటి. లిండా మార్టెల్ అను వృద్ధగాయని గొంతును బియాన్సే అందులో వినిపించినది. 1969లో గ్రాండ్ ఓల్ ఓప్రీ యను ప్రసిద్ధ వేదికపై ఒంటిగా పాడిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. ఒక్క సంపుటము మాత్రమే వెలువరించి, ఆ రంగమునకు దూరమై, సామాన్యజీవితము గడిపినది. అర్ధశతాబ్దము దాటిన పిమ్మట ఒక గొప్ప గాయని ఆమె పేరు నెత్తినది. కంట్రీ సంగీతమునకు గుర్తైన బాంజో వాద్యమును ఆఫ్రికా నుండి బానిసలుగా కొనిపోబడినవారు తొలుత ఆనపబుఱ్ఱలతో చేసికొనిరి. దానిని తమదియే యనుకొన్న వారు బుఱ్ఱను మఱచిరి.

ఆనపబుఱ్ఱ యనగానే తెలంగాణము వారికి కిన్నెర జ్ఞప్తికి రావలెను. కందుకూరు మీదుగా పోవు శ్రీశైలము దారి కడ్తాలు, ఆమనగల్లు, కల్వకుర్తి దాటి నల్లమల యంచున గల అచ్చంపేటకు చేరును. ఆ ప్రాంతమున లింగాల మండలము అవుసలికుంటవాడు దర్శనం మొగులయ్య. వెదురుకఱ్ఱకు బుఱ్ఱలు కట్టి, మెట్లు నిలిపి చేసిన పండ్రెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడుట ఆయన వంశపు వృత్తి. 2021లో 'భీమ్లా నాయక్' చిత్రపు పాటకు ఆయన గొంతే ఎత్తుగడ. 2022లో పద్మశ్రీ వచ్చినది. రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయలును ఇంటిస్థలమును ప్రకటించినది. 2024లో ఆ పద్మశ్రీ గ్రహీతయే నగరపు శివారున కూలిపని చేయుచున్నట్లు పత్రికలలో బొమ్మతో సహా వచ్చినది. లిండా మార్టెల్‌కు ఏబదియేండ్లలో జరిగినది మన దేశమున రెండేండ్లలోనే జరిగినది.

కందుకూరన్నచో కోస్తావారికి ఒకప్పటి ప్రకాశము జిల్లాలోని పట్టణము తోచును. ఇది యది గాదు. రంగారెడ్డి జిల్లాలో, శంషాబాదు విమానాశ్రయమునకు గంటలోపు దూరముననున్న మండల కేంద్రము. 2008 మార్చిలో విమానాశ్రయము తెఱచిన నాటి నుండి ఈ నేలకు ధర వచ్చినది. ముచ్చెర్ల చుట్టును ఔషధనగరమన్నారు. తరువాత ఆ ప్రాంతమునే క్రొత్త నగరమన్నారు. 2025 మార్చిలో ఏడు మండలములలోని యేబదియాఱు గ్రామములను చేర్చి 'ఫ్యూచర్ సిటీ' అభివృద్ధి సంస్థను ఏర్పఱచిరి; ఆ యేడింటిలో కందుకూరొకటి. అదే యేడు డిసెంబరులో ఈ మండలములోని మీర్‌ఖాన్‌పేట వద్ద దేశదేశముల వర్తకులతో మహాసభ జరిగినది. పొలము పోయినవానికి సొమ్ము వచ్చినదా, రాలేదా, వచ్చినది చాలునా యను తగవు వేఱు. పాట మాట వచ్చినపుడు అడుగవలసినది, పొలము లేనిచోట నాటుపాట యేది యని. నాట్లు వేయునపుడు నడుము వంచి బురదలో వరుసగా కదలు స్త్రీల యడుగే ఆ పాటకు తాళము. ఒకామె ఎత్తుకొనును, తక్కినవారు అందుకొందురు. ఒంటరిగా గదిలో కూర్చున్నచో అందుకొను వారెవరు?

అభిమానులలో హెచ్చుమంది ఈ పొలములు వదలినవారి బిడ్డలే యనుట గమనింపదగిన విషయము. తల్లి నాటు వేసినది, కొడుకు చేతి ఫోనులో నాటుపాట వెదకుచున్నాడు. 2025లో యువకుల నోట మార్మోగిన 'రాను బొంబాయికి రాను' పాటను పాడినవాడు పాలమూరు వైపు లంబాడీ యువకుడు రాము రాథోడ్. బొంబాయి పేరు ఆ జిల్లావారికి ఊరక వచ్చినది కాదు. తరతరములుగ మట్టిపనికి పోయి వచ్చిన ఊరది. ఆ పాట సరస పాటయే. ఐనను ఆ పేరు వినగనే తాతల వలసలు జ్ఞప్తికి వచ్చు నిండ్లు ఆ జిల్లాలో ఎన్నియో కలవు. ఇట్టి పాటలు రుచికి తేలికవని పండితులు కొందఱు తీసివేయుదురు. అది తొందరపాటు. 1958లో బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము'ను వెలువరించుటకు ముందు, స్త్రీల పాటలను గూర్చియు పండితులు ఇట్లే పలికెడివారు.

పాట ఎవరిదను తగవు 2021లో 'సారంగ దరియా' యప్పుడు ఎదురైనది. సుద్దాల అశోక్ తేజ ఆ పాటను చిత్రమునకు వ్రాసెను; మంగ్లీ పాడెను. అంతకు మునుపే ఆ పదమును సేకరించి టెలివిజన్ వేదికపై పాడిన యొక జానపద గాయని తనకు గుర్తింపు లేదని చెప్పుకొన్నది. పల్లవి జానపదమని రచయితయు ఒప్పుకొన్నాడు. తుదకు మాటలతో సర్దుబాటైనది. కాని సమస్య సర్దుకొనలేదు. 1957 నాటి కాపీరైటు చట్టము కర్త గల రచనను కాపాడును. 2012 సవరణ సినిమా రచయితకును సంగీతకర్తకును రాబడిలో భాగము నిలిపినది. పేరు లేని అవ్వ పాడిన పల్లవికి ఆ చట్టములో చోటు లేదు. దానికి రెండు చరణములు చేర్చిన క్షణమున క్రొత్త పాటకు యజమాని పుట్టును. అభిమానులు కోరు సంపుటము వచ్చినచో, పది పాటలలోను ఈ తగవే పదిమార్లు వచ్చును. ప్రతి పాటకు క్రింద సేకరించినవారి పేరు, విన్న ఊరి పేరు వేయుట పెద్ద వ్యయము గాదు. వ్రాతపని మాత్రమే.

సంపుటము ఏల రాకున్నదో చెప్పుటకు పెద్ద పరిశోధన యక్కఱలేదు. క్యాసెట్ల కాలమున ఒక పెట్టెలో పది పాటలు అమ్ముడుపోయెడివి. తెలంగాణ జానపదములు వీధివీధికి ప్రాకినది ఆ పెట్టెల మీదనే. నేడు పాట యొక్కొక్కటిగా వెలువడుచున్నది. సంక్రాంతి కొకటి, శివరాత్రి కొకటి, బోనాలకొకటి, బతుకమ్మకొకటి. పండుగ ముందు వెలువడిన పాటకు వినువారు హెచ్చు, ప్రకటనల సొమ్ము హెచ్చు. పది పాటలొక్కమారు విడుదల చేసిన తొమ్మిదింటికి పండుగ లేదు. పొలముపాటకు పండుగ యెప్పుడు? కనుక అభిమానులు కోరుచున్నది అంగడి నడకకు ఎదురీతయే. అట్లని కోరరాదని కాదు. కోరునపుడు ఒక పాట విని తక్కిన తొమ్మిదింటిని దాటవేయకుండుట వారి వంతు.

ఊరూర తిరుగుట మఱియు కష్టము. ధ్వనియంత్రములు, దీపములు, రక్షణ, అనుమతులు, వీని వ్యయమంతయు టిక్కెట్టు ధరలోనే చేరును. హైదరాబాదు మైదానములలో ఆ ధర చెల్లును. మండల కేంద్రములో చెల్లదు. పల్లెలో కచేరి యనగా జాతరదో, ప్రభుత్వ సంబరమో, పార్టీ సభయో. అక్కడ వినువాడు చెల్లింపడు, పిలిచినవాడు చెల్లించును. పిలిచినవాని బొమ్మ వెనుక తెరపై నుండును. 2002 నుండి తెలంగాణ ఉద్యమ కాలమున 'ధూం ధాం' బృందములు టిక్కెట్టు లేకయే ఊళ్లన్నియు తిరిగినవి. అది పాటల యాత్రయే, కాని ఉద్యమము దానిని మోసినది. రాష్ట్రము వచ్చిన పిదప సాంస్కృతిక సారథి పేర కొందఱు కళాకారులకు ప్రభుత్వోద్యోగములు దొరికినవి. అది వారికి అన్నము పెట్టినది. పాటకు కొంత మొగమాటమును నేర్పినది.

ఇక సముద్రము దాటిన తెలుగువారి యాహ్వానములు. తానా, ఆటా వంటి సంఘముల మహాసభలకు గాయకులు శంషాబాదున విమాన మెక్కుట ప్రతి వేసవియందును జరుగునదే. అక్కడి వారికి పల్లెపాటపై గల ఆర్తి నటన కాదు. వింజమూరి అనసూయాదేవి అక్కచెల్లెండ్రు జానపదగీతములను సభావేదికలకును రేడియోకును ఎక్కించి గౌరవము తెచ్చిరి. ఆ అనసూయాదేవి 2019లో కన్నుమూసినది హ్యూస్టన్ నగరముననే. బియాన్సే పుట్టిన యూరిలో తెలుగు పల్లెపాట తల్లి తుదిశ్వాస విడిచినది. యాదృచ్ఛికమే కావచ్చును. పాట ఎంత దూరము పోగలదో దానివలన తెలియును. పోయిన పాట కందుకూరికి తిరిగివచ్చుట మాత్రము అంత సులభముగ లేదు.

మంగ్లీయే కానిండు, మఱొకరే కానిండు, ఎన్నడైన అట్టి సంపుటముతో అట్టి యాత్రకు బయలుదేరి కందుకూరులో నిలిచిరను కొందము. మీర్‌ఖాన్‌పేట, ముచ్చెర్ల, లేమూరు, దెబ్బడగూడ గ్రామములలో నాటుపాట లెఱిగిన స్త్రీలు నేడు అఱువది దాటినవారు. యాత్ర వచ్చునో రాదో తెలియదు. వచ్చువఱకు వేచియుండ నవసరము లేని పని యొకటి కలదు. ఈ గ్రామముల బడులలో ఎనిమిదవ, తొమ్మిదవ తరగతి పిల్లలకు నాయనమ్మ లున్నారు, చేత ఫోనులున్నవి, వానిలో గొంతు పట్టి యుంచు సాధనము గలదు. పాట పాడిన దినము, పాడినవారి పేరు, ఏ పనిలో పాడెదరో ఆ పని పేరు చేర్చి తెలుగు పంతులు ఒక పుస్తకములో ఎక్కించినచో, రేపు 'సారంగ దరియా' వంటి తగవు వచ్చినపుడు చూపుటకు ఒక కాగితముండును. వానకాలపు నాట్లు జూలైలో మొదలగును.