అవధానం ఎవరి బాధ్యత?

యంత్రంలో వేళ్ళు పోగొట్టుకున్న ఒక కార్మికుణ్ణి నేనెరుగుదును. యాజమాన్యం తేల్చిన కారణం ఒక్కటే: అజాగ్రత్త! మనస్తత్వశాస్త్రం పేరు చెప్పుకునే కొందరు పెద్దలు దీనికి వంత పాడుతున్నారు. అవధానం కేవలం మనోనిగ్రహమట, వ్యక్తి గుణమట. ఈ వాదాన్ని నేను బొత్తిగా ఒప్పుకోను.

1948లో నార్మన్ మాక్‌వర్త్ ప్రచురించిన పరిశోధన చూడండి. రాడార్ తెరను గంటల తరబడి కనిపెట్టుకుని ఉండే సిబ్బంది శత్రువు జాడలను ఎందుకు జారవిడుస్తున్నారన్నది నాటి యుద్ధం తెచ్చిన ప్రశ్న. గడియారపు ముల్లు వంటిదొకటి అడుగులు వేస్తూ తిరుగుతుంది. ఎప్పుడో ఒకసారి రెట్టింపు దూరం దూకుతుంది. ఆ దూకుడును పట్టుకోమని మనుషులను రెండు గంటలు కూర్చోబెట్టాడు. మొదటి అరగంట దాటేసరికే పొరపాట్లు పెరిగాయి. అరగంట పని, అరగంట విశ్రాంతి ఇచ్చినప్పుడు చూపు నిలబడింది. మారింది మనుషుల శీలమా? కాదు, పని ఏర్పాటు.

అష్టావధానిని చూపి కార్మికుణ్ణి నిందించేవారూ ఉన్నారు. అవధానికి క్షణక్షణమూ కొత్త సమస్య, ఎదుట సభ, చప్పట్లు. కార్మికుడికి పూటంతా ఒకే కదలిక, ఒకే రొద. ఈ రెంటికీ ఒకే కొలబద్ద ఎలా సరిపోతుంది?

మనిషికీ మనిషికీ తేడా లేదని నేననను. ఆ తేడాను అడ్డుపెట్టి గడియారాన్ని దాచడం మాత్రం శాస్త్రం కాదు. కార్మికుడి మనస్సును పరీక్షించబోయే ముందు అతని షిఫ్టును పరీక్షించండి.