నోరూరడం వెనుక

సాయంత్రం ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక వైపు వస్తుంటే, మిరపకాయ బజ్జీలు వేగే మూకుడు దగ్గర కాళ్లు వాటంతటవే ఆగుతాయి. ముక్క నోట్లో పడకముందే, ఆ వాసనకే మెదడులో డోపమైన్ అనే రసాయనం కదులుతుంది. అక్కడికి దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో మన హైదరాబాద్‌కు తరలివచ్చింది. తిండిలో బలమెంతో తేల్చిన పేటలో, తిండి మీద యావ ఎక్కడ పుడుతుందో కూడా మాట్లాడుకోవాలనిపించింది.

1954లో ఓల్డ్స్, మిల్నర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో తీగ అమర్చి, మీట నొక్కితే కాస్త కరెంటు తగిలేలా చేశారు. ఎలుకలు నొక్కుతూనే పోయాయి. తిండీ మత్తూ తట్టేది మెదడులోని ఆ దారినే. అయితే యాంఫెటమైన్ లాంటి మత్తుమందు ఎగదోసే డోపమైన్ ముందు తిండిది ఏపాటి? బజ్జీనీ డ్రగ్స్‌నీ ఒకే గాటన కట్టడం మాకు రుచించదు.

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది కల్తీ కల్లు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో దాన్ని కట్టడి చేయగానే వణుకు, మూర్ఛలతో జనం ఆస్పత్రుల పాలయ్యారు. కల్లులో కలిపే డయజెపాం, అల్ప్రాజోలం మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని పెంచుతాయి. అలవాటుపడ్డాక ఒక్కసారిగా ఆగితే మెదడు అదుపు తప్పుతుంది. దాన్ని కల్లు మీద కక్కుర్తి అనేస్తే ఎలా?

యావకూ వ్యసనానికీ తేడా ఎక్కడ? ఈ సంచిక అంతటా ఉన్నది ఆ ప్రశ్నే. చక్కెరను వ్యసనం అనొచ్చా అన్నదాని మీద మాత్రం మా రచయితలకే పొసగలేదు. మేమూ రాజీ కుదర్చలేదు, ఉన్నదున్నట్టే అచ్చువేశాం.