తేట నీళ్ల బుకాయింపు

మంచినీటి చెరువులు పచ్చబడ్డాయి, కుళాయి నీళ్లు కంపు కొడుతున్నాయి అని డెల్టా పల్లెలు మొత్తుకుంటుంటే అధికారులు ఈ వేసవిలోనూ పాత పాటే అందుకున్నారు: క్లోరిన్ మోతాదు పెంచాం, నీళ్లు తేటగా ఉన్నాయి, భయం లేదు.

క్లోరిన్ లేకపోతే కలరా, టైఫాయిడ్ తిష్ఠ వేస్తాయి, కాదనేవారెవరూ లేరు. మా అభ్యంతరమల్లా ఆ ‘తేటగా ఉన్నాయి’ అన్న మాట మీదే. అది జనాన్ని మభ్యపెట్టడం.

కాలువలకు నీళ్లు ఆపేశాక నిల్వ ఉన్న చెరువులో నాచు, గుర్రపుడెక్క, ఆకూ అలమూ కుళ్లి నీళ్లలో కరిగిపోతాయి. బురదైతే కంటికి కనబడుతుంది, నీటి మసకను కొలిచే టర్బిడిటీ మీటరుకు చిక్కుతుంది. కరిగిన సేంద్రియ పదార్థం మీటరు ఒక యూనిట్ లోపు చూపినా గ్లాసులో ఉండనే ఉంటుంది. అందులో క్లోరిన్ దట్టిస్తే క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేన్లు పుడతాయి. రోటర్‌డామ్‌లో యోహానెస్ రూక్ ఈ సంగతి 1974లోనే బయటపెట్టారు. ఏళ్ల తరబడి తాగితే క్యాన్సర్ ముప్పన్న ఆందోళనతో అమెరికా 1979లో వీటికి పరిమితి పెట్టింది. 1998లో దాన్ని లీటరుకు 80 మైక్రోగ్రాములకు కుదించి, సేంద్రియ కార్బన్‌ను పటిక వేసి తేర్చే దశలోనే తగ్గించాలని ఆదేశించింది. మనవాళ్లు పెంచామని చాటుకుంటున్న క్లోరినే ఆ విషానికి సగం ముడిసరుకు!

పటిక వేస్తున్నాం కదా అంటారు. ఎంత? బురద పోయేంత. ఇసుక ఫిల్టర్ ఒక్కటే ఉన్నచోట అదీ లేదు. రుణావేశంతో ఉన్న సేంద్రియ పదార్థాన్ని పటికలోని అల్యూమినియం ముద్ద కట్టించి అడుక్కు దించాలంటే మోతాదు ఇంకా పెరగాలి, పీహెచ్ 6 దరిదాపులకు దిగాలి. అందుకు ఖర్చూ మడ్డీ పెరుగుతాయి, నిజమే. ఎంత వేయాలో తేల్చేది జార్ టెస్ట్. ఆరు బీకర్లలో ఆరు మోతాదులు వేసి, ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా తిప్పి, తేరిన నీటిని పరీక్షించడమే. ఒక్క పూట పని. దానికి దొరకని తీరిక బ్లీచింగ్ బస్తాలు కుమ్మరించడానికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

తప్పంతా కింది సిబ్బందిదే కాదు. 2012 నాటి ఐఎస్ 10500 ప్రమాణం క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు గీసింది. దానికి మూలమైన సేంద్రియ కార్బన్ ఊసే ఎత్తలేదు. కొలవమని చెప్పనిదాన్ని ఎవరు కొలుస్తారు?

చెరువు రంగు మారిన ప్రతిసారీ జార్ టెస్ట్ చేయాలి. సేంద్రియాన్ని దించాకే క్లోరిన్ కలపాలి. చిట్టచివరి కుళాయి దగ్గర ట్రైహాలోమీథేన్లు కొలిచి, ఆ లెక్క పంచాయతీ నోటీసు బోర్డులో పెట్టాలి. అందాకా భయం లేదని చెప్పే హక్కు ఏ అధికారికీ లేదు.