చావు లేని గుడ్లగూబ

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళని ఎవర్నైనా అడగండి, మాంత్రికుడి వెంట ఉండే జంతువుగా, అదే 'ఫెమిలియర్'గా, ఏది తీసుకోవాలని. కళ్ళు మూసుకుని "గుడ్లగూబ" అంటారు. ఎందుకూ అంటే లెక్క చెప్తారు. ఆ లెక్క తప్పని నేననను. అది అంత తేలిగ్గా తేలిపోతోందే, అదీ నా బాధ.

ముందు లెక్క చూద్దాం. 2014 నాటి ఐదో ఎడిషన్ లో 'ఫైండ్ ఫెమిలియర్' ఒకటో స్థాయి మంత్రం. ఓ గంట సేపు, 10 బంగారు నాణేల ధూపం సరంజామా, అంతే ఖర్చు. వచ్చిన జంతువు దాడి చెయ్యదు గానీ పక్కవాడి దాడికి సాయం చేస్తుంది. అప్పుడు వాడు పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకుంటాడు. గుడ్లగూబ అయితే శత్రువు మీదుగా ఎగిరి, సాయం చేసి, ఎదురుదెబ్బ తగలకుండా వచ్చేస్తుంది. చీకట్లో 120 అడుగుల దాకా చూస్తుంది కూడా. పిల్లికి, కప్పకి, బొంతకాకికి ఇంత సరుకు లేదు.

మరి చస్తే? మళ్ళీ ఓ గంట, మళ్ళీ 10 నాణేలు, అదే గుడ్లగూబ తిరిగొస్తుంది! 2024 సవరణలో కూడా ఆ ధర పెరగలేదు. మేం ఆఫీసులో హ్యాంగైన సర్వర్ ని రీస్టార్ట్ చేస్తాం చూడండి, అచ్చం అలాగే. రీస్టార్ట్ చేసేటప్పుడు ఎవడైనా ఏడుస్తాడా?

నేను నడిపిన ఒక ఆటలో ఓ కుర్రాడు మొదటిరోజు తన గుడ్లగూబకి ముచ్చటపడి పేరు పెట్టాడు. ఉచ్చులున్న నడవా వచ్చింది. దాన్ని ముందు పంపి ప్రతి రాయి మీదా వాలమన్నాడు. చచ్చింది, పిలిచాడు, మళ్ళీ పంపాడు. మూడోసారికి దాని పేరు వాడికే గుర్తులేదు. నేను వాణ్ణి తిట్టను. రూల్ అలా రాస్తే ఎవడైనా అదే చేస్తాడు.

"పాత రోజులే నయం" అంటానని అనుకుంటున్నారేమో, అదీ కాదు. 2003 నాటి 3.5లో జంతువు చస్తే మాంత్రికుడికి స్థాయికి 200 చొప్పున అనుభవం పాయింట్లు పోయేవి. పాచిక కలిసొస్తే అందులో సగం. ఐదో స్థాయి వాడికి 1000 పాయింట్లు హుష్! పైగా ఏడాది మీద ఒక రోజు గడిస్తే గానీ ఇంకోటి రాదు. దాంతో అందరూ ఏం చేశారు? కప్పని తీసుకున్నారు. కప్ప ఉంటే మాంత్రికుడికి 3 హిట్ పాయింట్లు ఎక్కువ. ఒకటో స్థాయిలో వాడి సొంతానికుండేవే నాలుగు, ఒంట్లో బలముంటే ఇంకో ఒకటో రెండో. అందుకని కప్పని జేబులో వేసుకుని మర్చిపోయారు. అదే పుస్తకంలో డ్రూయిడ్ గారి తోడేలు పక్కనే నిలబడి కొరికి కింద పడేస్తుంది, అది చస్తే 24 గంటల ప్రార్థనతో ఇంకోటి రెడీ. ఇదెక్కడి న్యాయమండీ?

ఒకచోట చావుకి ఖరీదే లేదు, ఇంకోచోట భరించలేనంత. రెండుచోట్లా జంతువు మాత్రం ఆటలో లేదు.

సరిగ్గా చేసింది నా ఉద్దేశంలో పాత్ ఫైండర్. 2010లో వచ్చిన దాని అడ్వాన్స్డ్ ప్లేయర్స్ గైడ్ లో మంత్రగత్తెకి పుస్తకం ఉండదు. మంత్రాలన్నీ జంతువులోనే ఉంటాయి. రోజూ దానితో కూర్చుంటేనే ఆ రోజుకి మంత్రాలు. ఇంకో మంత్రగత్తె జంతువు దగ్గర ఇది కొత్తవి నేర్చుకోగలదు కూడా. చచ్చిందా, కూడబెట్టిన మంత్రాలు దాంతోపాటే పోతాయి. కొత్తదానికి చిన్నాచితకా మంత్రాలు కాక, స్థాయికి రెండేసి మాత్రం వస్తాయి. ఇదీ జేబులో పెట్టుకోవచ్చుగా అంటారా? పెట్టుకోండి. జేబులో ఏముందో మాత్రం క్షణం కూడా మర్చిపోలేరు.

"ఆటే కదా, ఇంత సెంటిమెంటా" అనేవాళ్ళకి ఒకటే మాట. జంతువు అక్కర్లేనివాడికి పాత్ ఫైండర్ ఉంగరమో కర్రో తీసుకునే వీలిచ్చింది. తీసుకోండి, ఎవరొద్దన్నారు? జంతువు కావాలి, దాని బాధ్యత మాత్రం వద్దంటే, కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలన్నట్టుంటుంది.

ఐదో ఎడిషన్ ఆడేవాళ్ళు పుస్తకం మార్చక్కర్లేదు. ఒక్క రూల్ చేర్చండి చాలు: చచ్చిన జంతువుని తిరిగి పిలవాలంటే అది చచ్చిన చోటికే వెళ్ళి అక్కడ గంట కూర్చుని మంత్రం చదవాలి. ఖరీదు అదే పది నాణేలు. కానీ ఇప్పుడు దాన్ని ఉచ్చుల నడవాలోకి పంపే ముందు, తనూ అక్కడికి నడవాల్సొస్తుందని ఆలోచిస్తాడు.

కాదంటారా? అయితే ఒక్కటి చెప్పండి, మీ గుడ్లగూబ పేరేంటి?