రెండో కారు ఎవరి కోసం?

ఉదయం ఏడున్నర. పిల్లలిద్దరూ బ్యాగులు తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డారు. కారు మాత్రం లేదు. నాన్న తెల్లవారుజామునే మిర్చి శాంపిళ్లు వేసుకుని ఖమ్మం మార్కెట్‌కు వెళ్లిపోయాడు. 'అమ్మా, ఇవాళ కూడా ఆటోయేనా?' పెద్దాడి మొహం ముడుచుకుంది. కారు ఉన్న రోజు ఇంకో కష్టం... ఆ ఘాటుకు బడి చేరేదాకా ఒకటే తుమ్ములు!

గుంటూరులోని ఆ వ్యాపారి ఇంట్లో రెండో కారు మాట అలా మొదలైంది.

ఆయన దగ్గర లెక్క సిద్ధంగా ఉంది. హైవే మీద తిరగడానికి తనకో పెద్ద డీజిల్ కారు. 2012లో కొన్న చిన్న కారు బడికి. 'నాలుగు కిలోమీటర్లకు అది చాలదూ?' అన్నాడు. ఆమె ఒక్కటే అడిగింది. 'అందులో ఎయిర్‌బ్యాగులున్నాయాండీ?'

లేవు.

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. కొత్త బండి ఇంటిపెద్దకు, పాతది పిల్లలకు. మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్, డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019లో. పక్క సీటుకు 2021లో. అంతకుముందు వచ్చిన చౌక రకాల్లో చాలావాటికి ఇవి లేవు. ప్రమాదం ఊళ్లో జరుగుతుందా, హైవే మీదా అని చూసుకుని రాదు కదా!

ఇద్దరూ కాగితం మీద లెక్క వేశారు. పొద్దున, సాయంత్రం వెళ్లి రావడానికి రోజుకు 16 కిలోమీటర్లు. ఏడాదికి 220 బడి రోజులనుకుంటే 3,520. వ్యాపార ప్రయాణాలు నెలకు రెండు, ఒక్కోటి 400 కిలోమీటర్లు. ఏడాదికి 9,600. అంటే ఒకటి రోజూ చేసే పొట్టి పరుగు, మరొకటి ఎప్పుడో చేసే దూరప్రయాణం.

ఈ తేడా ఇంజిన్‌కూ తెలుస్తుంది. 2020 నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు ఆగకుండా నడవాలి. రోజూ బడి దాకా వెళ్లి ఆపేస్తే ఫిల్టర్ పూడుకుపోయి ఖర్చు తెచ్చిపెడుతుంది. ఈ పనికి పెట్రోలు బండి నయం. ఇంట్లో ఛార్జింగ్‌కు వీలుంటే చిన్న ఎలక్ట్రిక్ కారు ఇంకా చవక. 16 కిలోమీటర్లకు సుమారు రెండున్నర యూనిట్ల కరెంటు సరిపోతుంది.

చివరికి పెద్ద కారుకు అనుకున్న డబ్బునే రెండు భాగాలు చేశారు. పాతది అమ్మేశారు. బడికి కొత్త చిన్న పెట్రోలు కారు. ఊళ్లు తిరగడానికి రెండేళ్లు వాడిన డీజిల్ కారు. రెంటిలోనూ ఎయిర్‌బ్యాగులు చూసే తీసుకున్నారు.

కొనేముందు మీరూ వీటిని గమనించండి.

• 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ కార్లను ఢీకొట్టించి చూసి చుక్కలిస్తోంది. పెద్దల భద్రతకు, పిల్లల భద్రతకు వేర్వేరుగా ఉంటాయి. పిల్లల కోసమైతే రెండోదీ చూడండి.

• వెనక సీటు బెల్టులు పిల్లలతో పెట్టించి చూడండి. బెల్టు మెడ మీదికి వస్తుంటే, కింద ఎత్తు సీటు అవసరం. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టుగానీ ప్రత్యేక సీటుగానీ లేకపోతే 2019 చట్ట సవరణ ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా.

• సొంత కారు బీమాతో వ్యాపార పని మీద తిరగొచ్చు, శాంపిళ్లు తీసుకెళ్లొచ్చు. సరకు బస్తాలు వేసినా, బాడుగకిచ్చినా పరిహారం రాకపోవచ్చు.

• ఒకే పేరుమీద రెండో బండి ఉంటే జీవితకాల పన్ను ఎంతో రవాణా కార్యాలయంలో ముందే అడగండి.

ఇప్పుడు ఆ ఇంట్లో ఆయన ఏ ఊరెళ్లినా పిల్లలు వేళకు బడికి వెళ్తున్నారు. ముఖ్యంగా... తుమ్ముల్లేకుండా!