తూకానికి రాని బరువు



మా మిత్రుడొకాయన రిటైరైన ఉపాధ్యాయుడు, సంఘ పెద్ద. కొండమీద గుడారం వేసుకొని ఒక రాత్రి ప్రార్థనలో గడపాలని ఆయనకు చాలాకాలంగా ఆశ. 2023 ప్రారంభంలో మమ్మును కూడా బయలుదేరదీశారు. విశాఖపట్నం నుండి జయపురానికి చిన్న విమానంలో వెళ్ళాము. అది తొమ్మిది మంది ప్రయాణికులు పట్టే సెస్నా కారవాన్. ఒక్కటే ఇంజను. 1945లో మొదలైన మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ వారు పాపువా కొండలలోని గడ్డి నేలలమీద దించేది ఈ రకం విమానాన్నే. అక్కడ మందులు, బైబిళ్ళు, రోగులు అందులోనే ప్రయాణం చేస్తారు.

చిన్న విమానానికి బరువే ముఖ్యం. రన్‌వే పొట్టిదైనా, ఎత్తున గాలి పలుచనైనా, అధిక బరువుతో పైకి లేవలేదు. అందుకే ప్రతి సంచినీ తూస్తారు. మా సంచి బరువు ఎక్కువైంది. మిత్రుడు దుప్పటి, గిన్నెలు తీసి, సాగనంపవచ్చిన కుమారునికి ఇచ్చేశారు.

ఆ రాత్రి దేవమాలి మీద గుడారం వేశాము. 1672 మీటర్ల ఆ శిఖరమే ఒడిశాలో అన్నిటికంటె ఎత్తైనది. చలికి నిద్రపట్టలేదు. ప్రార్థన చేద్దామంటే ఆయన నోరు మెదపలేదు. కొంతసేపటికి, "అయ్యగారూ, మా అన్నయ్యతో మాట్లాడి ఏడేళ్ళయింది. పొలం గట్టు దగ్గర వచ్చిన మాట. ఆయన సాలూరులోనే ఉన్నాడు. రేపు మన బస్సు ఆ ఊరిమీదుగానే పోతుంది" అన్నారు.

మాకు బోధించడానికి నోరు రాలేదు. ఆ తగవులో ఆయన పక్షం మాట్లాడి, మంట ఎగదోసినవారిలో మేమూ ఉన్నాము. ఆ సంగతి ఒప్పుకొని, ఇద్దరమూ మోకరించాము.

మరునాడు సుంకి ఘాటు దిగుతుండగా ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. 1882లో బ్రెక్లుమ్ మిషనరీలు జర్మనీ నుండి ఈ కొరాపుట్ కొండలకు వచ్చారు. సమాధాన సువార్త కోసం వారు సముద్రం దాటారు. మనము ఒక వీధి దాటలేకపోతున్నాము.

సాలూరులో దిగాము. అన్నగారు అరుగుమీద ఉన్నారు. తమ్ముణ్ణి చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. వదినగారే చెంబుతో నీళ్ళు తెచ్చి, "కాళ్ళు కడుక్కో మరిదీ, కూడు తిని ఎల్దువుగాని" అన్నారు. గట్టు తగవు ఆనాడు తీరలేదు. కాని అన్నదమ్ములు ఒక్క పంక్తిలో కూర్చొని భోంచేశారు.

ప్రియులారా, సంచి బరువు త్రాసు చెబుతుంది. హృదయంలోని బరువు దేవునికే తెలుసు. హెబ్రీ 12:1, మత్తయి 5:23, 24 ఈ నెల కుటుంబ ప్రార్థనలో చదవండి. ప్రభువు బల్లకు వచ్చే ఆదివారానికి ముందే, మీరు వెళ్ళవలసిన గడప ఏదో ఆలోచించండి. అక్కడికి వెళ్ళే ధైర్యం ప్రభువు మీకు దయచేయును గాక. ఆమెన్.