పండుగకు నిండుతున్న ఊళ్లు.. మరునాడు ముసలివారే దిక్కు
మంజీర తీర పల్లెల్లో మలివయసుకు తోడు కరవు

నిజాంసాగర్: బతుకమ్మ, దసరా వచ్చాయంటే నిజాంసాగర్ పరిసర పల్లెలు కళకళలాడతాయి. హైదరాబాద్, ముంబయి నుంచే కాక సెలవు దొరికితే గల్ఫ్ దేశాల నుంచీ జనం సొంతూరి బాట పడతారు. జలాశయం నిండితే ఆనకట్టపై సందర్శకుల సందడి తోడవుతుంది. పండుగ దాటిన రెండు మూడు రోజులకే పరిస్థితి తారుమారవుతుంది. పడుచువారు పనులకు తిరిగి వెళ్లిపోతారు. అనేక ఇళ్లలో వయసు మళ్లిన తల్లిదండ్రులు, వారి చేతికి అప్పగించిన మనవలు మాత్రమే మిగులుతారు.

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో ఎండకాచే చోటు చూసి, కేవలం విశ్రాంత జీవుల కోసం 1960లో సన్ సిటీ అనే పట్టణాన్ని తెరిచారు. ఆటస్థలాలు, క్లబ్బులు, పండుగ విందులు ముందే ఏర్పాటు చేసి, ఆ తర్వాత వృద్ధులను ఆహ్వానించారు. మన పల్లెలు ఎవరూ తలపెట్టకుండానే వృద్ధుల నివాసాలుగా మారుతున్నాయి. అక్కడికి వృద్ధులు కోరి వెళ్లారు. ఇక్కడ పిల్లలు వెళ్లగా వారు మిగిలిపోయారు. అందుకే ఇక్కడ ఏర్పాట్ల ఊసు లేదు.

నీళ్లున్నా నిలవని వలస
1923లో పనులు మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు ఈ ప్రాంతానికి అన్నం పెట్టింది. మొదట 29.7 టీఎంసీలున్న నిల్వ సామర్థ్యం పూడిక కారణంగా 17.8 టీఎంసీలకు తగ్గింది. ఎగువన సింగూరు వచ్చాక, వానలు మొహం చాటేసిన ఏడాది ఆయకట్టు రైతుకు దిగులు తప్పడం లేదు. కాలువ కింద పొలమున్న కుటుంబాలు కొంత నిలదొక్కుకున్నాయి. మెట్ట భూములనే నమ్ముకున్నవారు, కూలీలు వలస బాట పట్టారు. మగవారు ఎడారి దేశాలకు వెళితే, ఇంటిపట్టున ఉన్న ఆడవారికి బీడీల చాటే ఆసరా అయింది. ఆ తరమే ఇప్పుడు వృద్ధాప్యంలోకి అడుగుపెట్టింది.

పాట తెలిసినవారు పెద్దలే
పెత్తర అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది రోజులూ పెద్ద వయసు మహిళలకు పెద్ద పండుగే. తంగేడు, గునుగు పూలను ఏ వరుసలో పేర్చాలో, ఏ రోజు ఏ నైవేద్యం పెట్టాలో వారికే బాగా తెలుసు. ఎన్ని సౌండ్ బాక్సులు వచ్చినా పాట ఎత్తుకోవడానికి వారినే ముందుకు పిలుస్తారు. దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమంటూ చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి దీవెనలు అందుకోవడం ఇక్కడి ఆచారం. ఏడాదిలో ఊరంతా పెద్దల గడప తొక్కే రోజు అదే. దుబాయిలోని కొడుకు ఫోన్ తెరపై కనిపించి దండం పెట్టినా, ఆ తల్లి చేతిలో జమ్మి పెట్టాల్సింది పొరుగువారే.

2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం దక్కింది. పుట్టింటికో, బిడ్డ ఇంటికో పండుగకు వెళ్లాలంటే ఛార్జీల కోసం ఒకరిని అడగాల్సిన అవసరం వృద్ధ మహిళలకు తప్పింది. వృద్ధులైన మగవారికి ఈ వెసులుబాటు లేదు.

రెండు రకాల విశ్రాంతి
ప్రభుత్వ కొలువు చేసి దిగిపోయినవారికి సంఘాలున్నాయి. పింఛను ఉద్యోగి హక్కని చాటిన నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును స్మరిస్తూ వారు ఏటా పెన్షనర్ల దినం జరుపుకొంటారు. సన్మానాలు, సభలు, సహపంక్తి భోజనాలు వారి జీవితంలో భాగం. నాగలి పట్టిన రైతుకు, బీడీలు చుట్టిన కార్మికురాలికి పదవీ విరమణ అనే మాటే లేదు. చేతులు ఆడినన్నాళ్లూ పని, ఆడకపోతే అరుగు.

2014లో వెయ్యి రూపాయలతో ప్రారంభమైన ఆసరా వృద్ధాప్య పింఛను 2019లో రూ.2,016కు పెరిగింది. దాన్ని రూ.4,000 చేస్తామని 2023 శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ హామీ ఇచ్చింది. భవిష్యనిధి ఖాతా ఉన్న బీడీ కార్మికులకూ జీవనభృతి వర్తించింది. ఈ సొమ్ము మందులకు, ఉప్పు పప్పులకు అక్కరకొస్తోంది. పింఛను పంచే రోజున పెద్దలంతా ఒకచోట చేరి మంచిచెడ్డలు మాట్లాడుకుంటారు. పండుగ లేని నెలల్లో వారికి అదొక్కటే కలయిక. అయితే ఏళ్ల తరబడి పనిచేసి అరిగిన వేళ్లు వేలిముద్ర యంత్రానికి అందకపోతే ఆ రోజూ నిరాశే ఎదురవుతుంది.

చట్టం ఉన్నా గడప దాటరు
తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పట్టించుకోని సంతానంపై ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయించుకునే వీలుంది. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమమైనా ఉండాలని ఆ చట్టం చెబుతోంది. సాయం కోరే వృద్ధుల కోసం 14567 నంబరు ఉంది. కానీ కన్నబిడ్డపై ఫిర్యాదు చేయడం పరువు తక్కువని భావించే పెద్దలు గడప దాటరు. పైగా వలస వెళ్లిన కొడుకు దుర్మార్గుడేమీ కాదు. నెలనెలా డబ్బు పంపుతూనే ఉంటాడు. తల్లికి కొరత పడింది పలకరింపు. దాన్ని ఏ ట్రైబ్యునలూ ఇప్పించలేదు.

ఊరే పూనుకోవాలి
దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. గ్రామ పంచాయతీలో ఒక గదిని పగటివేళ పెద్దలకు వదిలితే చాలు. పత్రికలు, తాగునీరు, కూర్చునేందుకు బెంచీలు, వారానికొకసారి ఆరోగ్య సిబ్బంది రాక.. ఇవి చేయదగిన పనులే. మహిళా సంఘాలు పొదుపు సమావేశాలకు పిలుపిచ్చే ఇళ్లలో ఒంటరి వృద్ధుల ఇళ్లనూ చేర్చవచ్చు. బడి పిల్లలకు బతుకమ్మ పాటలు నేర్పే పని పెద్దలకు అప్పగిస్తే పాటా బతుకుతుంది, పెద్దరికమూ నిలుస్తుంది.

ఐక్యరాజ్యసమితి 1990లో నిర్ణయించిన వృద్ధుల దినం అక్టోబరు 1. సుమారుగా మన పండుగల వేళకే వస్తుంది. ఆ రోజున కార్యాలయాల్లో వేసే శాలువాల కంటే, పండుగ దాటిన పదోనాడు తలుపు తట్టి ‘అమ్మా, తిన్నవా’ అని అడిగే మనిషే ఈ పల్లెల పెద్దలకు అవసరం.